నడివయసులో బరువు తగ్గుదల, ముఖచర్మం

నలభై దాటాక ఒళ్లు తగ్గించుకున్న చాలామందికి నడుము దగ్గర వచ్చిన మార్పు కంటే ముఖంలో వచ్చిన మార్పే ముందు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బుగ్గలు లోపలికి పోతాయి, కణతలు గుంటపడతాయి, కళ్ల కింద నలుపు తేలుతుంది, ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా ఉన్న గీత లోతవుతుంది, దవడ కింద చర్మం వదులవుతుంది. పాతికేళ్ల వయసులో పది కిలోలు తగ్గితే ముఖానికి కళ వస్తుంది. యాభైలో అదే పది కిలోలు తగ్గితే ఎదురైనవాళ్లు ‘ముఖం అలా పీక్కుపోయిందేం, షుగరేమైనా వచ్చిందా?’ అని అడుగుతారు. ఈ తేడాకు కారణాలు చర్మంలోనే కాదు, దాని కింద ఉన్న కొవ్వులో, కండలో, ఎముకలోనూ ఉన్నాయి. వాటిలో కొన్ని మన చేతిలో లేవు. బరువు తగ్గే వేగం, తినే మాంసకృత్తులు, ఎండ నుంచి రక్షణ మాత్రం మన చేతిలోనివే. ముఖాన్ని నిలబెట్టేవి ముఖ్యంగా ఈ మూడే.

కవలల ముఖాలు

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్విన్స్‌బర్గ్ అనే ఊళ్లో 1976 నుంచి ఏటా కవలల పండుగ జరుగుతోంది. క్లీవ్‌లాండ్ ప్లాస్టిక్ సర్జన్ బహ్మన్ గుయురాన్ బృందం అక్కడ 186 జతల ఏకరూప కవలల ఫోటోలు తీసి, వారిని ఎరగనివాళ్లకు చూపించి ఎవరి వయసు ఎంత ఉంటుందో అంచనా కట్టమంది. పుట్టుకతో వచ్చిన జన్యువులు ఇద్దరికీ ఒకటే కనుక ముఖాల్లో కనిపించిన తేడా చాలావరకు వాళ్లు బతికిన తీరు వల్ల వచ్చిందే. 2009లో వెలువడిన ఫలితాల్లో పొగతాగేవారు, ఎండలో ఎక్కువగా తిరిగేవారు తమ తోడు కంటే పెద్దవాళ్లలా కనిపించారు. బరువు విషయంలో మాత్రం లెక్క వయసును బట్టి తారుమారైంది. నలభైలోపు మహిళల్లో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును కొలిచే సూచీ) నాలుగు పాయింట్లు ఎక్కువ ఉన్న కవల పెద్దదానిలా కనిపిస్తే, నలభై దాటాక అదే నాలుగు పాయింట్లు ఎక్కువ ఉన్న కవల చిన్నదానిలా కనిపించింది.

దీన్ని పట్టుకుని బరువు తగ్గకపోవడమే మేలనుకుంటే పొరపాటు. భారతీయుల్లో బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90, మహిళల్లో 80 సెంటీమీటర్లు మించితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. కాలేయానికి, కీళ్లకు, రక్తనాళాలకు దక్కే మేలు ముందు బుగ్గల నిండుదనం చిన్న విషయం. పైగా మన దగ్గర బరువు తగ్గితే ముఖం బాగుపడే సందర్భాలూ చాలానే ఉన్నాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని వారిలో మెడ చుట్టూ, కణతల దగ్గర చర్మం మందంగా, నల్లగా మారుతుంది. ఎంత తోమినా పోని ఈ నలుపు బరువు తగ్గాక పలుచబడుతుంది.

చర్మం కింద ఏముంది?

ముఖంలోని కొవ్వు ఒకే పొరగా పరుచుకుని ఉండదు. అమెరికన్ సర్జన్లు రాడ్ రోరిచ్, జోయెల్ పెసా మృతదేహాల ముఖాల్లోకి రంగు ఎక్కించి, అది ఎక్కడిదాకా పాకి ఎక్కడ ఆగుతుందో చూశారు. కొవ్వు వేర్వేరు అరల్లో, వాటి మధ్య పలుచని గోడలతో ఉంటుందని 2007లో తేల్చారు. నుదురు, కణత, కంటి కింద, బుగ్గ, దవడ ఇలా ప్రతి చోటా విడివిడి అరలున్నాయి. వయసు పెరిగేకొద్దీ అన్నీ ఒకేలా మారవు. బుగ్గ లోపలి అరలు కరిగితే దవడ దగ్గరివి కిందికి జారుతాయి. వాటికి ఆనుగా ఉన్న ఎముక కూడా అరుగుతుంది. కనుగుంట వెడల్పవుతుంది, పైదవడ వెనక్కి తగ్గుతుంది. అంటే బరువు తగ్గకముందే ముఖానికి ఆసరా సడలి ఉంటుంది. దిండులో దూది తగ్గినప్పుడు గలేబు వదులైనట్టే, ఉన్న కొద్దిపాటి కొవ్వూ కరిగితే పైన చర్మం వదులవుతుంది.

పాతికేళ్ల చర్మం అలాంటప్పుడు బిగుసుకుంటుంది, యాభై ఏళ్ల చర్మానికి అంత శక్తి ఉండదు. చర్మానికి గట్టిదనం ఇచ్చే కొల్లాజెన్ యౌవనం నుంచే కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ ప్రధానంగా బాల్యంలో, కౌమారంలో తయారైనదే. ఆ తర్వాత శరీరం దాన్ని కొత్తగా తయారుచేసుకోవడం చాలా తక్కువ.

మహిళల్లో నెలసరి ఆగిపోయాక ఈ తరుగుదల ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుందని 1980ల నాటి బ్రిటన్ పరిశోధనలు చూపాయి. భారతీయ మహిళలకు ఈ దశ సగటున 46, 47 ఏళ్లకే వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ రాత్రికి రాత్రి పడిపోతుంది. అలాంటి మహిళ ముప్పై ఎనిమిదేళ్ల వయసులోనే ఎముకల బలహీనతతో పాటు యాభై దాటినవారి చర్మ సమస్యలను ఎదుర్కోవాల్సి వస్తుంది. కాన్పులయ్యాయి కదా, ఇక ఆ సంచీతో పనేముందని తేలిగ్గా తీసుకునే నిర్ణయానికి ఇంత ఖరీదుందని ముందే వివరించేవాళ్లు ఉండాలి.

ఇంజెక్షన్ల కాలం

సెమాగ్లుటైడ్ మందు 2017 డిసెంబరులో మధుమేహానికి ఒజెంపిక్ పేరుతో, 2021 జూన్‌లో ఊబకాయానికి వెగోవీ పేరుతో అమెరికాలో అనుమతి పొందింది. 1,961 మందిపై జరిగిన పరీక్షలో ఈ మందు తీసుకున్నవారు 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. ఇంత వేగంగా ఇంత బరువు తగ్గిన ముఖాలు వీధుల్లో కనిపించసాగాక ‘ఒజెంపిక్ ఫేస్’ అనే మాట పుట్టింది. న్యూయార్క్ చర్మవైద్యుడు పాల్ జారడ్ ఫ్రాంక్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. మందు నేరుగా ముఖాన్ని ఎంచుకుని కొవ్వు కరిగిస్తుందనడానికి ఆధారం లేదు. తిండి మానేసి అంతే వేగంగా తగ్గినా, పొట్ట ఆపరేషన్‌తో తగ్గినా ముఖం అలాగే మారుతుంది. అదే పరీక్షలో కొంతమందికి స్కాన్ తీసి చూస్తే తగ్గిన బరువులో సుమారు ఐదింట రెండు వంతులు కొవ్వు కాదు, కండ తదితరాలని తేలింది. భారత్‌లో ఇలాంటిదే మరో మందు టిర్జెపటైడ్ (మౌంజారో) 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో విడుదలయ్యాయి.

మెల్లగా తగ్గితే మేలు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో తగ్గడం సురక్షితమని, రోజుకు వెయ్యి కిలోకేలరీల కంటే తక్కువ తినకూడదని చెబుతుంది. ఆ లెక్కన పది కిలోలకు ఐదు నెలలు పడుతుంది. పెళ్లికి నెల ముందు మొదలుపెట్టేవారికి ఇది నచ్చకపోవచ్చు గానీ, చర్మానికీ కండకూ కుదురుకునే వ్యవధి దొరికేది ఇలాగే. అతివేగంగా తగ్గినవారిలో రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదమూ పెరుగుతుంది. తగ్గడం, మళ్లీ పెరగడం, మళ్లీ తగ్గడం అనే ఉయ్యాల కూడా చర్మానికి మంచిది కాదు.

ఇక కంచం సంగతి. మన ఇళ్లలో బరువు తగ్గాలనుకోగానే ముందు చేసే పని రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు, కాస్త కూర తినడం, లేదంటే గ్లాసెడు రాగి జావతో సరిపెట్టడం. కేలరీలు తగ్గుతాయి, నిజమే. వాటితో పాటు అసలే తక్కువగా ఉన్న మాంసకృత్తులు కూడా తగ్గుతాయి. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని జాతీయ ప్రమాణం. 65 కిలోల మనిషికి అది 54 గ్రాములు. బరువు తగ్గే దశలో కండ నిలవాలంటే కిలోకు 1.2 గ్రాముల దాకా, అంటే 78 గ్రాములు తినమని నిపుణులు సూచిస్తారు. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇలా పెంచకూడదు.

రెండు ఇడ్లీలు, కొబ్బరి చట్నీతో పొద్దున్న గడిస్తే నాలుగైదు గ్రాములే అందుతాయి. యాభై గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి పెసరట్టు వేసుకుంటే పదకొండు గ్రాములకు పైగా వస్తాయి. గుడ్డుకు ఆరు. మధ్యాహ్నం పలుచని పప్పుచారుకు బదులు ముద్దపప్పో, తోటకూర పప్పో గరిటెడు ఎక్కువ, అన్నం గరిటెడు తక్కువ. వంద గ్రాముల చేప ముక్కల్లో సుమారు ఇరవై గ్రాములుంటాయి. శాకాహారులకు మీల్‌మేకర్, శనగలు, గట్టి పెరుగు, పనీరు ఆదుకుంటాయి. కొల్లాజెన్ తయారీకి అవసరమైన విటమిన్ ‘సి’ ఉసిరిలో, జామలో పుష్కలంగా దొరుకుతుంది. డబ్బాల్లో అమ్మే కొల్లాజెన్ పొడులకు ఖర్చు చేయడానికి ముందు ఒక్క మాట: వాటితో మేలు కనిపించిందన్న పరీక్షలు ఎక్కువగా తయారీ సంస్థల డబ్బుతో జరిగినవే. అలాంటి సాయం లేకుండా జరిగిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ ఫలితం తేలలేదు.

నడక గుండెకు మంచిది, కండకు మాత్రం బరువులు ఎత్తాలి. జపాన్‌లో నడివయసు మహిళలపై 16 వారాలు జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. సైకిల్ తొక్కడం వంటి వ్యాయామంతోనూ, బరువుల వ్యాయామంతోనూ చర్మం సాగే గుణం మెరుగుపడింది. చర్మం లోపలి పొర మందం పెరిగింది మాత్రం బరువులెత్తిన వారిలోనే. ముఖ వ్యాయామాలపై అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2018లో ఆశ రేకెత్తించే ఫలితం ప్రకటించింది. 20 వారాల తర్వాత అంచనా వయసు 50.8 నుంచి 48.1కి తగ్గింది. కానీ చివరిదాకా నిలిచింది 16 మందే, పోల్చి చూడటానికి వ్యాయామం చేయని బృందమూ లేదు.

ఎండ

పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఎండ ఒక్కటీ ఒక ఎత్తు. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఫోటో చర్మవైద్యుల పాఠాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అందులో ఉన్నది 69 ఏళ్ల లారీ డ్రైవరు, 28 ఏళ్లు బండి నడిపాడు. కుడి చెంప ఆ వయసు మనిషి చెంపలాగే ఉంది. కిటికీ వైపున్న ఎడమ చెంప మాత్రం మందంగా, గరుకుగా, మడతలు మడతలుగా ఇరవై ఏళ్లు ముసలిదైనట్టు వేలాడుతోంది. ఎండలోని యూవీఏ కిరణాలు అద్దంలోంచి దూసుకొస్తాయి, చర్మం లోతుకు దిగి కొల్లాజెన్‌ను తెంచుతాయి. మన బండ్లలో డ్రైవరు కిటికీ కుడివైపు కాబట్టి ఇక్కడ ఎండ తినేది కుడి చెంప.

సన్‌స్క్రీన్ నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని నాంబోర్ ఊరు జవాబిచ్చింది. 55 ఏళ్లలోపు 903 మందిని చీట్లు వేసినట్టు విభజించి, ఒక జట్టును రోజూ రాసుకోమని, ఇంకో జట్టును ఇష్టం వచ్చినప్పుడు రాసుకోమని చెప్పారు. నాలుగున్నరేళ్ల తర్వాత రోజూ రాసుకున్నవారిలో చర్మం ముదురుదనం 24 శాతం తక్కువగా కనిపించింది.

మన ముదురు రంగు చర్మంలో మెలనిన్ ఎక్కువ కనుక ముడతలు ఆలస్యంగా వస్తాయి. బదులుగా మంగు, మచ్చలు, కళ్ల కింద నలుపు ముందొస్తాయి. బుగ్గ కొవ్వు తగ్గినప్పుడు ఈ నలుపు గుంటలో పడి మరింత లోతుగా కనిపిస్తుంది. తెలుగు నేలమీద వేసవి మధ్యాహ్నాల్లో యూవీ సూచీ 11 దాటుతుంది. చూపుడు, మధ్య వేళ్ల పొడవునా పిండినంత సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకు కావాలి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు రకం మేలు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది కాబట్టి. స్కూటీ మీద వెళ్లేవాళ్లు చుట్టుకునే చున్నీ, పొలంలో తలపాగా కూడా మంచి రక్షణే.

పూతలు, సూదులు

పైపూతల్లో గట్టి ఆధారాలున్నది ట్రెటినాయిన్‌కు. మొటిమల మందుగా వచ్చిన దీనితో సన్నని ముడతలు కూడా తగ్గుతాయని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1986లో చూపారు. బఠాణీ గింజంత, రాత్రిపూట, మొదట వారానికి రెండు రోజులతో మొదలుపెట్టాలి. గర్భిణులు వాడకూడదు. శనగపిండి, పసుపు చర్మాన్ని శుభ్రం చేస్తాయే గానీ పోయిన కొవ్వును తేలేవు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లబడుతుంది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ‘తెల్లబరిచే’ ట్యూబులు చాలా ప్రమాదం. వాటిలో ఉండే స్టెరాయిడ్ చర్మాన్ని పలుచన చేసి ఎర్రటి నరాలు తేలేలా చేస్తుంది. కొవ్వు కూడా తగ్గిన ముఖంలో ఆ పలుచదనం రెట్టింపు కనిపిస్తుంది. కేంద్రం 2018లో పలు స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది.

గుంటలు నింపే చికిత్సలకూ చరిత్ర ఉంది. తొలితరం హెచ్‌ఐవీ మందులు కొన్ని బుగ్గల కొవ్వును పూర్తిగా హరించేవి. రోగులు ఆ ముఖంతో నలుగురిలోకి రావడానికే జంకేవారు. వారికోసం పాలీ లాక్టిక్ ఆమ్లం ఇంజెక్షన్‌కు అమెరికా 2004లో అనుమతి ఇచ్చింది. ఇప్పుడు అదీ, హయాలురానిక్ ఆమ్లం పూరకాలూ సౌందర్యానికి వాడుతున్నారు. బరువు తగ్గుతుండగా వీటిని చేయించుకుంటే కొలత తప్పుతుంది. అనుకున్న బరువుకు చేరి మూడు నుంచి ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే ఆలోచించడం మంచిది. పూరకం పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. కాబట్టి ఈ పని బ్యూటీపార్లర్‌లో కాదు, అర్హత ఉన్న చర్మవైద్యులో ప్లాస్టిక్ సర్జనో చేయాలి.

ప్రయత్నం లేకుండానే ముఖం చిక్కిపోతుంటే అది సౌందర్య సమస్య కాదు. అదుపుతప్పిన మధుమేహం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, క్షయ, కేన్సర్లు ఇలాగే మొదలుకావచ్చు. ఆరు నెలల నుంచి ఏడాది లోపు కారణం తెలియకుండా ఐదు శాతానికి మించి బరువు పోతే, క్రీముల కంటే ముందు రక్తపరీక్షలు చేయించుకోవాలి.