రాసింది ఒకటి, మాట్లాడింది ఇంకోటి: పెట్రా నుంచి తొట్లకొండ దాకా

ఈ ఎపిసోడ్ నబాతియన్ల గురించి. పేరు కొత్తగా ఉన్నా, జోర్డాన్‌లో ఎర్రటి కొండని తొలిచి కట్టిన పెట్రా ఫొటో మీరు చూసే ఉంటారు. అది వాళ్ళదే. ఒంటెల మీద సాంబ్రాణి మోయించి బాగా సంపాదించారు. క్రీ.శ. 106లో రోమ్ వాళ్ళ రాజ్యాన్ని కలిపేసుకుంది.

ఎడారిలో ఊరంటే ముందు నీళ్ళు. ఎప్పుడో పడే వాననీటిని రాతిలో చెక్కిన కాలువల గుండా తొట్లలోకి మళ్ళించేవారు. మన భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. అక్కడ బౌద్ధ భిక్షువులూ రాతిలో తొట్లు తొలిచారు, కొండకి ఆ పేరు అందుకే. 1988 నుంచి 1993 దాకా తవ్వితే శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అలాగని నబాతియన్లు వైజాగ్ వచ్చారని నేననట్లేదు, థంబ్‌నెయిల్ చూసి మోసపోకండి.

నాకు అసలు ఆసక్తి భాష దగ్గర. నబాతియన్ శాసనాలు అరామిక్‌లో ఉంటాయి. అప్పట్లో ఆ ప్రాంతానికి ఆఫీసు భాష అది. కానీ వాటిలో మనుషుల పేర్లు చాలావరకు అరబిక్. ఇంట్లో మాట్లాడింది అరబిక్కేనని ఎక్కువమంది పండితుల మాట. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మెయిల్స్ అన్నీ ఇంగ్లీషు, టీ కొట్టు దగ్గర అంతా తెలుగు. రెండు వేల ఏళ్ళ తర్వాత ఎవరైనా మా సర్వర్ తవ్వితే, విశాఖలో తెలుగోళ్ళే లేరనుకుంటారు!

తొట్లకొండ శాసనాలూ అంతే. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. కొండ కింద జాలర్లు ఏం మాట్లాడుకున్నారో ఆ రాళ్ళు చెప్పవు. దీన్ని పట్టుకుని "అప్పటికి తెలుగే లేదు" అని కొందరు తేల్చేస్తారు. రాయలేదంటే మాట్లాడలేదని కాదు కదండీ. గాథాసప్తశతి ప్రాకృతంలోనే ఉంది, అయినా అత్త, పొట్ట లాంటి మన మాటలు అందులో పండితులు చూపిస్తారు.

నబాతియన్ల దగ్గర చివరికి నోటిమాటే రాతి మీదకి ఎక్కింది. సిరియాలో దొరికిన నమారా శాసనం క్రీ.శ. 328 నాటిది. లిపి నబాతియన్, భాష అరబిక్. ఆ అక్షరాలే మారుతూ ఇవాళ్టి అరబిక్ లిపి అయ్యాయి. మన బ్రాహ్మి కూడా అలాగే మారుతూ వచ్చింది. తెలుగులోనే రాసిన శాసనం కోసం మాత్రం సుమారు క్రీ.శ. 575 దాకా ఆగాలి. కడప జిల్లా కలమళ్ళలో, ధనంజయుడు రేనాడు ఏలుతున్నప్పటిది. వచ్చే ఎపిసోడ్‌లో ఆ రాయి దగ్గరికే వెళ్దాం.