కార్డులో పేరు

2007కు ముందు మా యాచారంలో ఎవరికైనా గుండె ఆపరేషన్ చేయాలని పట్నం డాక్టరు చెబితే, ఇంటివాళ్లు తిరిగొచ్చి నా గడప ఎక్కేవాళ్లు. నేను బడిపంతుల్ని. ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ బాగా రాస్తానని చుట్టుపక్కల పేరు పడింది. మొదట ‘మహారాజశ్రీ’, నడుమ ఇంటి కష్టం, కింద వేలిముద్ర. దానికి ఆస్పత్రి ఇచ్చిన ఖర్చు అంచనా, ఎమ్మార్వో ఆదాయ పత్రం, ఎమ్మెల్యే ఉత్తరం జతచేసి ట్యాగు దారంతో కుట్టేవాణ్ని. ఆ కట్ట పట్టుకుని సాగర్ రోడ్డు మీద బస్సెక్కి సచివాలయానికి పోవాలి. మంజూరైతే అదృష్టం, లేదంటే ఎడ్లో, ఎకరమో అమ్మాలి.

2007 ఏప్రిల్ 1న రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పేదలకు ఉచిత ఆపరేషన్ల పథకం ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. మాది రంగారెడ్డి. మా పక్కనున్న కడ్తాల్, ఆమన్‌గల్లు అప్పట్లో మహబూబ్‌నగర్ కింద ఉండేవి. అంటే అక్కడి వియ్యంకుడి తెల్ల రేషన్ కార్డు కార్పొరేట్ ఆస్పత్రిలో చెల్లుతుంది, మనది చెల్లదు. జిల్లా సరిహద్దు మీద జనానికి అంత కోపం రావడం నేనెన్నడూ చూడలేదు. ఆ ఏడాది చివర రెండో విడతలో మా జిల్లా చేరింది, 2008కల్లా రాష్ట్రమంతా. కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. నా అర్జీల గిరాకీ పడిపోయింది. నాకేం బాధ లేదు.

శిబిరాల కాలం అప్పుడు మొదలైంది. పథకంలో ఉన్న ఆస్పత్రులు ఊళ్లకొచ్చి క్యాంపులు పెట్టాలన్నది నిబంధన. ముందురోజు సాయంత్రం డప్పు చాటింపు. పొద్దున్నే బడి బెంచీలు వేపచెట్టు కింద పడేవి. తండాల నుంచి లంబాడా ఆడవాళ్లు చంకన పిల్లలతో దిగేవాళ్లు. ఒక బెంచీ మీద బరువు, ఒక బెంచీ మీద బీపీ. కొసన కూర్చున్న చిన్న డాక్టరు పిల్లల ఎదమీద స్టెతస్కోపు పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఆయన కళ్లు తెరవడం ఆలస్యమైతే తల్లి మొఖం పాలిపోయేది. పిల్లాడికి గుండెలో రంధ్రం ఉందని మొదటిసారి బడి ఆవరణలోనే తెలిసిన ఇళ్లున్నాయి.

అయితే మాట దాచను. వచ్చినవాళ్లలో ఎక్కువమందివి మోకాళ్లు, నడుము, గ్యాసు. పక్కనే మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం, కీళ్లు పట్టేసినవాళ్లు అటునుంచీ వచ్చేవాళ్లు. వాళ్ల చేతిలో నాలుగు మాత్రలు పెట్టి పంపేవాళ్లు. ఆపరేషన్ కేసుకైతే మర్యాదే వేరు, పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర రిజిస్టరు తీసేవాడు. క్యాంపు ఊరికోసమా, ఆస్పత్రి మంచాలు నిండటానికా అని మా హెడ్మాస్టరు ఎగతాళి చేసేవాడు. రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్లు మితిమీరి, వాటిని సర్కారు దవాఖానలకే పరిమితం చేయాల్సొచ్చిన తర్వాత ఆ ఎగతాళికి నవ్వడం మానేశాం.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో కుటుంబ నియంత్రణ క్యాంపు జరిగింది. ఒక్కరోజులో 34 మందికి ఆపరేషన్లు. వాళ్లలో నలుగురు చనిపోయారు. అందరూ పడుచు తల్లులే. ప్రభుత్వం విచారణ వేసింది, ఇంటికి 5 లక్షల పరిహారం ఇచ్చింది. ఆ తర్వాత చాలాకాలం క్యాంపు అన్న మాట వింటేనే ఆడవాళ్లు లోపలికి వెళ్లిపోయేవాళ్లు.

క్యాంపుల సంగతి అలా ఉంటే, కాగితాల గొడవ ఇంకొకటి. టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడు చెప్తాడు, అక్కడ మెక్సికో నుంచి వచ్చినవాళ్లకు చర్చి హాళ్లలో సభలు పెట్టి ఇన్సూరెన్స్ ఎలా తీసుకోవాలో స్పానిష్‌లో చెప్తారట. ఒబామా ఆరోగ్య బీమా చట్టం 2010లో వచ్చినా, దేశంలో ఉండటానికి సరైన కాగితాలు లేనివాళ్లకు అది వర్తించదు. సగం సభ ఆ కాగితాల గొడవతోనే గడిచిపోతుందట. మా గ్రామసభా అంతేరా అన్నాను.

ఎందుకంటే మా దగ్గర రోగం కంటే కార్డు పెద్ద సమస్య అయి కూచుంది. తెలంగాణ వచ్చాక ఏళ్ల తరబడి కొత్త రేషన్ కార్డుల సంగతి సరిగా తేలలేదు. పెళ్లయి వచ్చిన కోడలు పేరు పుట్టింటి కార్డులో ఉండేది, లేదా అక్కడా తీసేసి ఉండేది. మనవళ్లు ఏ కార్డులోనూ ఉండేవాళ్లు కాదు. 2025 జనవరిలో గ్రామసభలు పెట్టినప్పుడు మైకు దగ్గరికొచ్చిన ఒక ముసలామె ఇల్లు అడగలేదు, పింఛను అడగలేదు. ‘‘సారూ, మా కోడలు పేరు ఎక్కియ్యుండ్రి, రేపు దానికేమన్నయితే ఏడికి పోవాలె?’’ అంది. నా అర్జీల రోజుల్లో ఆమె వయసు మనిషి ఆఫీసరు ముందు నోరు తెరిచేది కాదు. నన్నడిగితే ఈ పథకాలన్నిటిలో మా ఊరికి దక్కిన అసలు లాభం ఈ ధైర్యమే.

ఆరోగ్యశ్రీ పరిమితి ఇప్పుడు 10 లక్షలు. 2023 డిసెంబర్ 9న పెంచారు. అదేరోజు ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. పది లక్షల ఆపరేషన్ పడే ఇల్లు ఊళ్లో ఎక్కడో ఒకటి ఉంటుంది. ఉస్మానియా ఆస్పత్రికి నెలనెలా చూపించుకోవడానికి పోయే ఆడవాళ్లు మాత్రం వీధికొకరున్నారు. కార్డు ఆస్పత్రిలో చేరాల్సిన రోగాలకే గానీ ఈ రాకపోకలకు పైసా ఇవ్వదు. మాత్రలు దొరికినా చార్జీల్లేక మానుకున్నవాళ్లు, ఇప్పుడు ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని పొద్దుటి బస్సుకే బయల్దేరుతున్నారు.