మైనా రాములు కేసు: కల్లు కాంపౌండ్ నుంచి మాయమైన ఆడవాళ్లు

మా శివ్వంపేటకు ఒకవైపు నర్సాపూర్, ఇంకోవైపు తూప్రాన్. మైనా రాములు కేసుల లిస్టులో ఈ రెండూ ఉన్నాయి. అందుకే ఈ ఎపిసోడ్.

ఊరు సంగారెడ్డి జిల్లా ఆరుట్ల, పని రాళ్లు కొట్టడం. పోలీసులు చెప్పిన దాని ప్రకారం 2003 నుంచి హత్యలు. పద్ధతి ఒకటే. కల్లు కాంపౌండ్‌లో ఒంటరిగా ఉన్న ఆడమనిషితో మాట కలుపుతాడు, డబ్బు ఆశ చూపి ఊరి బయటకు తీసుకెళ్తాడు. తాగించి చంపేసి, ఒంటి మీది నగలు తీసుకుని పోతాడు. భార్య వదిలేసి వెళ్లిందని ఆడవాళ్ల మీద పగ పెంచుకున్నాడట. సరే, మరి నగలెందుకు తీసినట్టు? నాకైతే ఆ పగ కథ సగమే అనిపిస్తది.

2011 ఫిబ్రవరిలో యావజ్జీవ శిక్ష పడింది. పిచ్చి ఉన్నట్టు నటించి ఎర్రగడ్డ ఆస్పత్రికి చేరాడు. డిసెంబర్‌లో ఇంకో ఐదుగురితో కలిసి అక్కడి నుంచి జంప్! 2013 మేలో బోయిన్‌పల్లి పోలీసులకు దొరికేలోపు ఇంకో ఐదు హత్యలు. మళ్లీ జైలు, హైకోర్టులో అప్పీల్, 2018లో విడుదల.

2021 జనవరిలో ఘట్‌కేసర్ దగ్గర అంకుశాపూర్ రైలు పట్టాల పక్కన ఒక శవం దొరికింది. అప్పటికే జూబ్లీహిల్స్ స్టేషన్‌లో ఒక భర్త, నా భార్య కనిపించట్లేదని కంప్లైంట్ ఇచ్చి ఉన్నాడు. రెండూ కలిశాయి. ఆ నెలాఖరులోనే రాములు అరెస్ట్. మొత్తం 18 మంది ఆడవాళ్లని పోలీసులు ప్రకటించారు. ఎక్కువమంది కల్లుకు వచ్చేవాళ్లే. రాములు పేరు గూగుల్ చేస్తే వెంటనే వస్తది. వాళ్ల పేర్లు వెతికి చూడండి.