భీముడు కాళ్లు చాపుకోలేని గుళ్లు

మా పూతలపట్టు కూడలిలో నిలబడితే ఏ దారైనా దేవుడి దగ్గరికే పోతుంది. ఒకటి తిరుపతికి, ఒకటి కాణిపాకానికి. పాకాల దాటి మల్లయ్యగారిపల్లె గుట్టకు పోదామంటే మాత్రం ఆటో అబ్బాయి ‘ఆడేముంది సామీ?’ అంటాడు.

ఆడుండేవీ గుళ్లే. చంద్రగిరికీ దోర్నకంబాలకూ నడుమ, తిరుపతికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ గుట్టను పాండవుల బండ అంటారు, పాండవ గుళ్లనీ అంటారు. వాటికి గోపురం లేదు, విగ్రహం లేదు. చుట్టూ బండలు నిలబెట్టి, నెత్తిన ఒక పెద్ద బండ పరిచిన గూళ్లవి. చదువుకున్నోళ్లు డోల్మెన్లంటారు. ఇనుము వాడకంలోకి వచ్చిన కాలంలో, ఎముకలూ కుండలూ పెట్టి కట్టిన సమాధులు. పలమనేరు పక్క బాపనత్తంలోవైతే ఇంకా చూడముచ్చటగా ఉంటాయి. చుట్టూ వలయంగా బండలు, వాటిలో కొన్నిటి తలలు గుండ్రంగా చెక్కినవి.

మా జేజి లెక్క వేరు. వనవాసంలో పాండవులు తలదాచుకున్న ఇండ్లంట అవి. ‘ఇంత గూట్లో భీముడెట్లా పట్టినాడు జేజీ?’ అంటే, ‘కాళ్లు బయట పెట్టుకోని పండుకున్నాడులేరా’ అనేది.

జేజికి ఈ పాండవులు ఎక్కడినుంచి వచ్చినారంటే, ఊరి భారతం నుంచే. మా పక్క ఎండాకాలమొస్తే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివరి పొద్దు మట్టి దుర్యోధనుడు కూలుతాడు. అన్ని దినాలు కళ్లెదుట తిరిగినోళ్లకు గుట్టమీద ఇండ్లు లేకుండా ఎట్లా?

ఐర్లండు వాళ్లూ ఇంతే. గ్రానియా అనే పడుచు, తనకు కుదిర్చిన ముసలి వీరుడు ఫిన్‌ను కాదని డియర్మిడ్‌తో లేచిపోయింది. ఫిన్ తరుముతుంటే రాత్రికొక చోట పండుకున్నారంట. అక్కడి డోల్మెన్లకు వాళ్ల పడకలని పేరు. ఆ దేశంలోనే ఉన్న న్యూగ్రేంజ్ సమాధి దిబ్బను కట్టింది క్రీ.పూ. 3200 ప్రాంతంలో. కెల్టు కథలు దాన్ని దగ్దా అనే దేవుడి ఇల్లు చేసినాయి. ఆ కథలు పుట్టేనాటికే దిబ్బ పాతది. 1699లో దాని రాళ్లు మోసుకుపోతున్న కూలీలకు లోపలి దారి కనబడింది. 1967 డిసెంబరులో ఓకెల్లీ అనే పురావస్తు ఆచార్యుడు తెల్లారుజామున లోపల కూర్చుని, సూర్యుడి వెలుగు చిట్టచివరి గదిదాకా పాకడం చూసినాడు.

అక్కడ రాళ్లు పీకబోతే దారి తెరుచుకుంది. ఇక్కడ పీకినోళ్లకు ఏమీ దొరకలేదు, గుళ్లే పోయినాయి. పాండవుల ఇండ్లనేసరికి ధర్మరాజు దుడ్డు లోపలే ఉంటుందని ఆశ! జూదంలో అంతా ఓడిపోయి అడివికొచ్చినోళ్ల దగ్గర దుడ్డేముంటుందని తవ్వినోళ్లు ఒక్కసారన్నా అనుకోలేదు.

చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కితే బండలు కాలుతాయి. గడ్డపార మాత్రం ఇంట్లో పెట్టి రండి.