మూసీ నీటిలో నత్రజని

హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురాకు వెళ్ళినవారు జంతు ప్రదర్శనశాలను తప్పక చూస్తారు. దానిని ఆనుకొనివున్న మీరాలం చెరువును చూసేవారు తక్కువ. 19వ శతాబ్ది ఆరంభంలో, మీర్ ఆలం దివానుగా ఉన్న రోజులలో, 21 అర్ధవృత్తాకారపు కమానులతో ఈ చెరువుకు రాతికట్ట కట్టారు. 1920లో ఉస్మాన్ సాగరు పూర్తయ్యేదాకా నగరవాసులు ఈ నీరు త్రాగేవారు. తరువాత చుట్టూ బస్తీలు పెరిగినవి. మురుగు చెరువులో కలిసింది. గుర్రపుడెక్క నీటిని కప్పివేసింది. తీసివేసినకొద్దీ అది మళ్ళీ అల్లుకుంటుంది. ఆ మొక్కకు అంత బలం ఎక్కడిది? పొలంలో వరికి బలమిచ్చేదే దీనికీ ఇస్తున్నది. అది నత్రజని, దానితోబాటు భాస్వరం.

మనం తినే అన్నం, పప్పు, మాంసములలోని మాంసకృత్తులలో నత్రజని ఉన్నది. ఎదుగుదల ఆగిన మనిషి తాను తిన్న నత్రజనిని దాదాపు అంతా విసర్జిస్తాడు. ఇది ఏడాదికి సుమారు 4 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం గనుక, అయిదుగురు మనుష్యులు ఏడాదిలో విసర్జించేది దాదాపు ఒక 45 కిలోల యూరియా బస్తాకు సమానమన్నమాట. పది లక్షల జనానికి ఎంతో విద్యార్థులే లెక్కకట్టవచ్చును. హైదరాబాదు జనసంఖ్య దానికి ఎన్నో రెట్లు.

పూర్వం పల్లెలో ఈ నత్రజనిలో చాలా భాగం పెంటకుప్ప మీదుగా తిరిగి పొలానికే చేరేది. గొర్రెల మందను పొలంలో కట్టటం, చెరువుమన్ను తోలటం, జనుము, జీలుగ పెంచి దున్నివేయటం దానికి తోడు. నగరం సంగతి వేరు. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఇక్కడి వరద నివారణకు, మురుగు పారుదలకు పథకాలు వేశారు. భూగర్భ కాలువలు రావటం ప్రజారోగ్యానికి గొప్ప మేలు. కాని పల్లెలనుండి ధాన్యంగా, గడ్డిగా వచ్చిన నత్రజని ఆ కాలువల వెంట మూసీలో పడింది.

సరిగా ఆ కాలంలోనే జర్మనీలో హేబరు గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేసి చూపించాడు (1909). 1913 నాటికి ఓపావులో కర్మాగారం నడిచింది. మన దేశంలో సింద్రీ కర్మాగారం 1951లో పని ప్రారంభించింది. కొత్త నత్రజని గోనెసంచులలో వస్తుండగా, పాత నత్రజని కాలువలో పోవటం నష్టమని ఎవరికి తోస్తుంది?

అయితే నగరం దిగువన ఉన్న రైతుకు అది కాలువలోనే వచ్చింది. మూసీపై ఉన్న కత్వలనుండి నీరు పొలాలకు పారుతుంది. మొదట ఇది వరమే. యూరియా కొనటం తగ్గించినవారున్నారు. చిక్కు మోతాదులోనూ వేళలోనూ వచ్చింది. సంచిలోని యూరియాను దుక్కిలో కొంత, పిలకల వేళ కొంత, అంకురం వేళ కొంత వేసి ఆపవచ్చు. కాలువ నీరు ఆగదు. అవసరం తీరిన తరువాత కూడా నత్రజని అందితే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది, పురుగు పడుతుంది. నీటిలోని లవణాలూ హాని చేస్తాయి. ఇక్కడ వరి దిగుబడులు తగ్గాయని రైతులు చెప్పిన మాటలను ఈ శతాబ్ది ఆరంభంలో అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు నమోదు చేశారు. నగరానికి చేరువలో పలువురు వరి మాని పారాగడ్డి వేశారు. గింజ అక్కరలేని పైరుకు ఏపే లాభం గదా! ఆ గడ్డి నగరంలోని గేదెలకు పోతుంది. పాలతోబాటు నత్రజని మళ్ళీ నగరానికే చేరుతుంది.

సంచి యూరియానైనా పైరు పూర్తిగా వాడుకోదు. వరి గ్రహించేది సాధారణంగా 30, 40 శాతమే. కొంత అమ్మోనియాగా ఆవిరవుతుంది. కొంత నైట్రేటుగా ఇంకి బావులలో చేరుతుంది. త్రాగేనీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని మన ప్రమాణం. పసిపిల్లలకు అది ప్రమాదకరం. మిగిలిన నష్టం ఎలా జరుగుతుందో జపాను శాస్త్రజ్ఞుడు షియోయిరి వివరించాడు. నీరు నిలిచిన మడిలో పైన పలుచని పొరలో మాత్రమే ఆమ్లజని ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. అది ఆమ్లజని లేని క్రింది పొరలోకి దిగగానే వేరొక జాతి సూక్ష్మజీవులు అందులోని ఆమ్లజనిని లాగుకొని, నత్రజనిని వాయువుగా వదిలివేస్తాయి. అందుచేత అమ్మోనియా ఎరువును మొదటే లోతుగా, క్రింది పొరలో వేయమన్నాడు. బహదూర్‌పురాకు కొద్ది దూరంలోని రాజేంద్రనగరులో వరి పరిశోధన సంస్థ కలదు. 1965లో ప్రారంభమైన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం దానికి మూలం. పొట్టి రకాలకు నత్రజని ఎంత, ఎప్పుడు అనే ప్రశ్న ఆ పథకంతోబాటే వచ్చింది. పై పొరలోని మార్పును మందగింపజేయటానికి వేపనూనె పనికివస్తుంది. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి చేశారు.

కాలువలో వచ్చే నత్రజనికి వేపపూత పూయలేము. దానికి నగరంలో ఇటీవల కట్టిన పలు మురుగు శుద్ధికేంద్రాలలో మరొక ఉపాయం ఉన్నది. ఒకే తొట్టిలో కొంతసేపు గాలి ఊదుతారు, అమ్మోనియా నైట్రేటవుతుంది. తరువాత గాలి ఆపుతారు, నైట్రేటు నత్రజని వాయువై పోతుంది. రైతు తన మడిలో ఏ చర్యను ఆపాలని చూస్తాడో, దానినే ఇక్కడ ఇంజనీరు కోరి జరిపిస్తాడు. 2021లో తిరిగి ఉత్పత్తి ప్రారంభించిన రామగుండం కర్మాగారం సహజవాయువును వెచ్చించి గాలినుండి నత్రజనిని పట్టి ఇస్తుంటే, ఈ కేంద్రాలు విద్యుత్తు వెచ్చించి దానిని మళ్ళీ గాలిలోకి పంపుతున్నవి.