పేట పటం ఎవరి చేతిలో వుంది?

నగరంలో యే కట్టడంలో యెంత కరెంటు, యెంత గ్యాసు, యెంత బొగ్గు ఖర్చవుతున్నదో లెక్కగట్టి, పేటలవారీగా రంగులు పూసి చూపే పటాలు యీనాడు అనేక నగరాలకు తయారవుతున్నాయి. వాతావరణం వేడెక్కుతున్న యీ కాలంలో యివి అవసరమైన పటాలే. అయితే వీటిని గురించి రాసేవారు యిదంతా కంప్యూటర్లు వచ్చాక పుట్టిన విద్య అన్నట్టు రాస్తారు. మన మిత్రులలో కొందరు మరొక అంచుకు పోయి, యిది ధనిక దేశాల ఆటబొమ్మ, దీనితో శ్రమజీవులకేమి పని అంటారు. రెండూ పొరపాటేనని నా అభిప్రాయం. యీ విద్యకు నూట నలభై యేళ్లకు పైబడిన చరిత్ర వుంది. అది తెలియకపోతే పటంలో కనపడేదేమిటో, కనపడనిదేమిటో మనకు బోధపడదు.

న్యూయార్కు నగరాన్నే తీసుకుందాం. 1882 సెప్టెంబరు 4న దిగువ మాన్‌హట్టన్‌లోని పెర్ల్ వీధిలో ఎడిసన్ విద్యుత్ కేంద్రం పనిచేయనారంభించింది. పాఠ్యపుస్తకాలలో యీ కథ ఒక మేధావి, ఒక బల్బు, ఒక వెలుగు అన్న మూడు మాటలతో ముగుస్తుంది. కాని ఆ కేంద్రానికంటె ముందు ఒక పటం తయారయింది. అగ్నిప్రమాదాల లెక్క కోసం భీమా కంపెనీలు గీయించుకున్న నగర పటాన్ని ఎడిసన్ సంపాదించాడు. యే కట్టడంలో బాయిలరు వుందో, యెక్కడ లిఫ్టు గొయ్యి వుందో, మంటను ఆపే గోడ యెక్కడ లేచిందో అంతా అందులో గుర్తించి వుంది. దానితో తృప్తిపడక పేటలోకి మనుషులను పంపి, యే కట్టడంలో యెన్ని గ్యాసు దీపాలున్నవో, రాత్రి యే వేళకు యెన్ని వెలుగుతున్నవో లెక్క తీయించాడు. ఆవిరియంత్రాల వాడకాన్ని కూడా రాయించాడు. యీనాటి పరిశోధకులు పేట వాడకపు వివరాలని దేనినంటారో అది 1880 ప్రాంతాలలోనే కాగితంమీదికి యెక్కిందన్నమాట.

పటం తర్వాత నమూనా. హెర్మన్ క్లాడియస్ అనే ఆస్ట్రియా దేశస్థుడు వీధుల కింద పోవలసిన తీగల జాలాన్ని చిన్న ప్రమాణంలో సన్నని తీగలతో అల్లి, బ్యాటరీలు కలిపి పరీక్షించాడు. యే మూలన యెంత లోడు పడితే యెక్కడ వోల్టేజి పడిపోతుందో, వీధి తవ్వక ముందే తెలిసింది.

ఇంత శ్రమ యెందుకు? జవాబు రాగి ధరలో వుంది. 110 వోల్టుల డైరెక్టు కరెంటు అరమైలు దాటి పోవాలంటే తీగ లావు కావాలి. లావు తీగకు రాగి కావాలి. రాగి ఖరీదయినది. అందుచేత తక్కువ నేలలో యెక్కువ కొనగల ఖాతాదార్లు కిక్కిరిసి వున్న పేటను యెన్నుకోవలసి వచ్చింది. వాల్ వీధి, నాసా వీధి, స్ప్రూస్ వీధి, ఈస్ట్ నది - యివీ ఆ పేట హద్దులు. బ్యాంకులు, దినపత్రికల కార్యాలయాలు అక్కడ వున్నవి. మొదటినాటి సాయంత్రం వెలిగినవాటిలో మోర్గాన్ బ్యాంకు ఆఫీసు, న్యూయార్క్ టైమ్స్ ఆఫీసు వున్నాయి. 1884 నాటికి 508 మంది ఖాతాదార్లు, 10,164 దీపాలు అయినవి.

ఆ హద్దుకు ఉత్తరాన కొద్ది దూరంలోనే వలస కార్మికుల అద్దె కొట్లు వున్నవి. లోపలి గదులకు కిటికీ లేక పట్టపగలు చీకటిలో కుట్టుపని చేసుకునే కుటుంబాలు అక్కడ బ్రతికేవి. జాకబ్ రీస్ ఫోటోలతో పుస్తకం వేసి లోకానికి చూపినది 1890లో. గాలి, వెలుతురు తప్పనిసరి అని రాష్ట్రం గట్టి చట్టం చేసినది 1901లో. ఎడిసన్ పటంలోకి యీ కొట్లు రాలేదు. చీకటిని కొలిచి వుంటే మొదటి తీగ అక్కడికే పోవలసింది. అతడు కొలిచినది దీపానికి డబ్బు చెల్లించగల శక్తిని. దీనిలో ఎడిసన్ వ్యక్తిగత దుర్మార్గాన్ని వెతకనక్కరలేదు. అమ్మేవాడు గీసిన పటంలో కొనలేనివాడు వుండడు. అది ఆ పటపు వర్గ స్వభావం.

ఎడిసన్ దగ్గర కార్యదర్శిగా పనిచేసిన శామ్యూల్ ఇన్సల్ 1892లో చికాగో వెళ్లి, యీ లెక్కను మరింత పదును పెట్టాడు. యే తరగతి ఖాతాదారుకు యే గంటలో కరెంటు కావాలో గీతలు గీసి, దాన్నిబట్టి ధరలు కట్టాడు. పట్టణాల మీద పట్టణాలు అతని కంపెనీల గుప్పిటిలోకి పోయినవి. 1932లో ఆ హోల్డింగు కంపెనీల మేడ కూలినప్పుడు చిన్న మదుపుదార్లు యెందరో నేలపాలయ్యారు. యింతకాలమూ యే యింట యెంత ఖర్చయినదన్న సంగతి కంపెనీ ఖాతాలలో మాత్రమే వుండేది. పౌరునికి తన బిల్లు తప్ప మరొకటి తెలియదు.

అసలు మార్పు 2009లో వచ్చింది. 50,000 చదరపు అడుగులకు మించిన కట్టడాల యజమానులు యేటేటా తమ ఇంధన వాడకాన్ని నగరానికి చెప్పి తీరాలని న్యూయార్కు స్థానిక చట్టం చేసింది. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయంలో బియాంకా హొవార్డ్, విజయ్ మోదీ, వారి సహచరులు నగరమంతటికీ పటం వేశారు. పోస్టల్ ప్రాంతాలవారీగా దొరికిన మొత్తాలను, పన్ను రికార్డులలోని అంతస్తుల వైశాల్యంతో, వాడుక రకంతో పోల్చి, యే బ్లాకులో యెంత ఖర్చవుతుందో అంచనా కట్టారు. 2016లో బోస్టన్‌కు ఎమ్.ఐ.టి.వారు మరొక దారి తొక్కారు. కట్టడాలను వయస్సు, వాడుకలనుబట్టి తరగతులు చేసి, ఒక్కొక్క తరగతికి గోడ యింత, కిటికీ యింత అని నిర్ణయించి, 80,000కు పైగా కట్టడాలను గంటగంటకూ లెక్కగట్టారు. ఆ తర్వాత న్యూయార్కులో 2019 చట్టం పెద్ద కట్టడాల పొగకు 2024 నుంచి పరిమితి పెట్టింది. మించితే టన్నుకు 268 డాలర్ల జుల్మానా. 2022లో కొందరు యజమానులు దీనిమీద కోర్టుకెక్కారు. పటం పౌరుల చేతికి వచ్చేసరికి అది యెవరికి నొప్పి కలిగించిందో గమనించండి!

అయితే యీ కొత్త పటంలో కూడా ఒక గుడ్డిచోటు వుంది. నేను యీ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే. 2012లో సునిక్కా-బ్లాంక్, గాల్విన్ అనే ఇద్దరు పరిశోధకులు జర్మనీలో 3,400 యిళ్ల లెక్కలు పరిశీలించారు. నమూనా ప్రకారం ఖర్చు కావలసినదానికంటె ఆ యిళ్లలో వాస్తవ వాడకం సగటున 30 శాతం తక్కువగా తేలింది. ఇల్లు యెంత నాసిరకమైతే తేడా అంత యెక్కువ! గోడలు వెచ్చదనాన్ని నిలపని యింట్లో మనుషులు పొయ్యి ఆర్పుకొని, ఒక గదిలో ఒదిగి కాలం గడుపుతారు. బ్రిటన్‌లో బ్రెండా బోర్డ్‌మన్ 1991లో తన పుస్తకంలో దీన్ని ఇంధన దారిద్ర్యం అన్న పేరుతో చర్చించింది. ఇప్పుడు పటం చూడండి. చలికి వణికే యిల్లు లేతరంగులో వుంటుంది. అవసరం తీరి పొదుపు చేసేవాడూ, అవసరం తీరక మాడేవాడూ ఒకే రంగులో కనపడతారు. ఆ రంగును చూసి పేదపేటకు ఖర్చు పెట్టనక్కరలేదని తీర్మానించే అధికారి, 1882 నాటి హద్దునే మళ్లీ గీస్తున్నాడు.

మన నగరాలలో చలికి బదులు యెండ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ పెద్ద వాణిజ్య కట్టడాలకు శక్తి పొదుపు నియమావళి తెచ్చాయి. 2023లో తెలంగాణ చల్లని కప్పుల విధానం ప్రకటించింది. మంచిదే. కాని హైదరాబాదులో అద్దాల మేడ మీటరు తిరిగే వేగానికీ, బస్తీలో రేకుల కప్పు కింద ఒకే ఫ్యానుతో నలుగురు పడుకునే గది మీటరు తిరిగే వేగానికీ పోలిక తెచ్చి, రెండవది ఆదర్శమంటే ఒప్పుకుంటామా? కరెంటు ధర యీ నగరంలో ప్రాణాలు తీసిన ప్రశ్న. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపును ప్రతిఘటించిన ఊరేగింపుమీద జరిగిన కాల్పులలో ముగ్గురు నేలకొరిగారు.

కనుక పటాన్ని తోసిపుచ్చడం మన పని కాదు, దానికి మరో పొరను చేర్చడం మన పని. వాడకం పక్కన గదిలోని వేడిమిని, ఇంటి అద్దెను, కప్పు రకాన్ని, నెల బిల్లు ఆదాయంలో యెన్నో వంతో రాయాలి. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక కళాశాల విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఉష్ణమాపకం, నోటు పుస్తకం చాలు. ఎడిసన్ మనుషులు ఇంటింటి దీపాలను లెక్కపెట్టి కంపెనీకి ఇచ్చారు. మన విద్యార్థులు ఇంటింటి వేడిని లెక్కపెట్టి, ఆ కాగితాన్ని మొదట బస్తీవాసులకే చదివి వినిపించాలి.