మీటరు, బిల్లు, ఎంపిక

ఇంట్లో వాడే గ్యాసూ కరెంటూ ఏ కంపెనీ దగ్గర కొనాలో ఇంటివాళ్లే నిర్ణయించుకునే ఏర్పాటు బ్రిటన్‌లో 1990ల చివర్లో వచ్చింది. తీగ అదే, గొట్టం అదే. మారేదల్లా బిల్లు పంపే కంపెనీ. బిల్లు ఎక్కువొస్తోందా, కంపెనీ మార్చుకో అన్నారు. దీనికి ఆర్థికశాస్త్రం పెట్టిన పేరు ‘వినియోగదారుడి ఎంపిక’. ఆ మాట చివరున్న ‘డు’ ఎవరు? ధరల పట్టికలు ముందేసుకుని లెక్కలు కట్టేదెవరు? ఫోను పట్టుకుని గంటసేపు కాచుకునేదెవరు? చలికాలంలో ఏ గదిలో హీటరు ఆపాలో తేల్చేదెవరు? ఈ ప్రశ్నలు వేసుకుని చూస్తే ఆ ‘ఎంపిక’ చరిత్ర వేరేగా కనిపిస్తుంది.

ఇంధనం లెక్క ఇల్లాలి నెత్తిన పడడం కొత్తేమీ కాదు. 1909 నుంచి నాలుగేళ్లపాటు ఫేబియన్ మహిళా బృందం సభ్యులు లండన్‌లోని లాంబెత్‌లో కార్మికుల ఇళ్లకు వెళ్లి, ఆ ఇల్లాళ్ల చేత వారం వారం ఖర్చులు రాయించారు. మాడ్ పెంబర్ రీవ్స్ ఆ లెక్కల్ని 1913లో పుస్తకంగా తెచ్చింది. వారానికి ఒక పౌను అటూ ఇటూగా వచ్చే ఆదాయంలో అద్దె, బొగ్గు, గ్యాసు, చావు ఖర్చుల కోసం కట్టే బీమా పోగా మిగిలిందే తిండికి. గ్యాసుకు పెన్నీ నాణెం వేస్తే తిరిగే మీటరు. డబ్బున్న ఇంట్లో బొగ్గు టన్నుల లెక్కన కొని నేలమాళిగలో పోయించుకునేవారు. ఒకటి రెండు గదుల్లో బతికే స్త్రీకి నిల్వ పెట్టుకునే చోటు లేదు, ఒకేసారి చెల్లించే డబ్బూ లేదు. కాబట్టి కొద్దికొద్దిగా, ఎక్కువ ధరకి కొనేది. ఉప్పూ పప్పూ చిన్న పొట్లాల్లో కొనుక్కునే మన ఆడవాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కరెంటు ఈ చాకిరీని తగ్గిస్తుందని స్త్రీలే ఆశపడ్డారు. 1924లో విద్యుత్ మహిళా సంఘం ఏర్పడింది. దాన్ని నడిపిన కరోలిన్ హాస్‌లెట్ ఇంజనీరింగ్ రంగంలో పనిచేసిన స్త్రీ. బొగ్గు మోయడం, బూడిద ఎత్తడం, మసి తుడవడం పోవాలన్నది ఆమె కోరిక. కరెంటు గురించి మాట్లాడే హక్కు ఇంట్లో దాన్ని వాడే స్త్రీలకుండాలన్నది ఆ సంఘం వాదన. 1947 చట్టంతో విద్యుత్ రంగం జాతీయమైనప్పుడు కొత్త విద్యుత్ సంస్థ సభ్యుల్లో ఆమె ఒక్కతే స్త్రీ. యంత్రాలు వచ్చినా ఇంటి పనిగంటలు తగ్గలేదనీ, శుభ్రతకు కొలమానాలే పెరిగిపోయాయనీ రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో అమెరికా చరిత్ర ఆధారంగా చూపించింది. ఆ విమర్శ హాస్‌లెట్ కలకూ వర్తిస్తుంది. అయినా ఒక మాట ఆమె తరఫున చెప్పుకోవాలి. ఆమె ఒక్కో ఇల్లాలిని తెలివైన కొనుగోలుదారుగా మారమనలేదు. స్త్రీలంతా ఒక సంఘంగా నిలబడి అడగాలంది.

జాతీయం చేశాక విద్యుత్తుకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో బోర్డు, బోర్డుకో ధరల పట్టిక. గ్యాసుదీ ఇంచుమించు అదే తీరు. దాన్ని స్వర్ణయుగం అనలేం. నాణేల మీటర్లు అప్పుడూ పేదల ఇళ్లలోనే ఉన్నాయి. కానీ ధర పెరిగితే ఎవర్ని నిలదీయాలో అందరికీ తెలుసు. 1986లో గ్యాసు, 1990లో కరెంటు పంపిణీ సంస్థలు ప్రైవేటుపరమయ్యాయి. 1996లో ఇంగ్లండ్ నైరుతి మూల గ్యాసుతో మొదలై, 1999 మే నాటికి ఇళ్ల కరెంటు దాకా అంతా పోటీ మార్కెట్ అయింది. 2002లో ధరల మీద మిగిలిన నియంత్రణా ఎత్తేశారు. కంపెనీల మధ్య పోటీయే ధరను అదుపులో ఉంచుతుందన్నారు. ఆ పోటీని నడిపించే బాధ్యత మాత్రం బిల్లు కట్టే మనిషిది.

అది ఎంత పనో చూడండి. పోయిన ఏడాది ఎన్ని యూనిట్లు కాలాయో తీయాలి. స్థిర చార్జీ ఎంత, యూనిట్ ధర ఎంత, మధ్యలో మానేస్తే జరిమానా ఎంత చూడాలి. గడువు దాటగానే ధర పెరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి ఇదంతా మళ్లీ చెయ్యాలి. తలుపు తట్టి ఒప్పందం మీద సంతకం పెట్టించుకునే ఏజెంట్ల మోసాలు దీనికి తోడు. ఆ సమయంలో ఇంట్లో ఉండేది ఎవరో వేరే చెప్పాలా? క్రిస్ విల్సన్, కాథరిన్ వాడమ్స్ ప్రైస్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ధర తగ్గుతుందని కంపెనీ మారినవాళ్లలో కనీసం 17 శాతం మందికి మారడం వల్ల నష్టమే జరిగిందని తేలింది. మనుషులు తెలివితక్కువవాళ్లు కావడం వల్ల కాదు. ఆ పట్టికలు అర్థం కాకుండా ఉండడమే అమ్మేవాళ్లకు లాభం.

2016లో అక్కడి పోటీ వ్యవహారాల సంస్థ ఒక పెద్ద విచారణ ముగించింది. ఆరు పెద్ద కంపెనీల ఖాతాదారుల్లో దాదాపు 70 శాతం మంది ఖరీదైన మామూలు టారిఫ్‌లోనే ఉండిపోయారనీ, 2012-2015 మధ్య జనం ఏటా సగటున 140 కోట్ల పౌన్లు అదనంగా చెల్లించారనీ లెక్క తేల్చింది. అలా ఉండిపోయినవాళ్లు ఎక్కువగా ఎవరు? తక్కువ ఆదాయంవాళ్లు, పెద్ద చదువుల్లేనివాళ్లు, ప్రభుత్వ గృహాల్లో అద్దెకున్నవాళ్లు, వికలాంగులు, 65 దాటినవాళ్లు. ఈ పట్టికలో ‘స్త్రీ’ అన్న మాట లేదు. కానీ ఒంటరిగా బతికే వృద్ధుల్లో, పిల్లల్ని ఒంటరిగా పెంచేవాళ్లలో ఎక్కువమంది ఎవరో తెలిసినవాళ్లకు ఆమె కనిపించకుండా పోదు.

అందరికంటే అడుగున ఉన్నది ముందుగా డబ్బు కట్టే ప్రీపేమెంటు మీటరు. నాణెం పోయి కార్డు వచ్చింది, అంతే. చాలా ఏళ్లపాటు ఆ మీటరుకు యూనిట్ ధర ఎక్కువ. బకాయి ఉంటే కంపెనీ మారకుండా పాత కంపెనీ అడ్డుకోవచ్చు. అంటే ఎవరికి మార్పు అత్యవసరమో వాళ్లకే తలుపు మూసుంది. కార్డులో డబ్బు అయిపోతే దీపం ఆరిపోతుంది. ఎవరూ వచ్చి ఫ్యూజు పీకరు. అధికార భాషలో దాని పేరు ‘స్వయంగా సరఫరా నిలుపుకోవడం’. ఆకలితో ఉన్న మనిషిని ఉపవాసం చేస్తోంది అన్నట్టు.

చివరికి 2019 జనవరి నుంచి ప్రభుత్వం మళ్లీ ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 2021లో ప్రపంచ మార్కెట్లో గ్యాసు ధర పెరిగేసరికి ఏడాది తిరక్కుండా 30కి దగ్గరగా కంపెనీలు మూతపడ్డాయి. చౌక ఒప్పందాలు మాయమయ్యాయి. మారడానికి కంపెనీలే లేవు. మూతబడ్డ కంపెనీల ఖాతాదారుల్ని వేరే కంపెనీలకు అప్పగించిన ఖర్చు అందరి బిల్లుల్లోనూ స్థిర చార్జీలోకి ఎక్కింది. అన్నీ ఆపుకుని చలికి వణుకుతూ కూర్చున్నా తప్పని చార్జీ అది. సగటు వాడకం ఉన్న ఇంటి ఏడాది బిల్లు పరిమితి 2021 అక్టోబరులో 1,277 పౌన్లు. ఏడాది తర్వాత ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి ఆపితే 2,500 దగ్గర ఆగింది. 2022లో కోర్టు వారెంట్లతో ఇళ్లలోకి వెళ్లి బలవంతంగా బిగించిన ప్రీపేమెంటు మీటర్లు 90 వేలకు పైమాటే. పత్రికలు బయటపెట్టాక 2023 ఫిబ్రవరిలో దాన్ని నిలిపేశారు.

ఇది పరాయి దేశం గొడవ అనుకోవడానికి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 విద్యుత్ సంస్కరణల చట్టం వెనక ప్రపంచ బ్యాంకు అప్పుతోపాటు బ్రిటిష్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ సాయమూ ఉంది. 1999లో విద్యుత్ బోర్డును చీల్చారు, 2000లో పంపిణీ కంపెనీలు పెట్టారు, అదే ఏడు చార్జీలు పెంచారు. అప్పుడు జనం వేరే కంపెనీ కోసం వెతుక్కోలేదు, రోడ్డెక్కారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ చార్జీల పెంపును ఉత్త లెక్కల వ్యవహారంగా చూడలేకపోయింది.

ఇళ్లు కంపెనీ మారడమంటే ఏమిటో ముంబయి శివార్లు చూశాయి. 2008 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2009 నుంచి రిలయన్స్ తీగల మీదే టాటా కరెంటు కొనుక్కునే వీలొచ్చింది. పెద్ద వాడకందార్లు మారిపోతే చిన్న ఇళ్లకిచ్చే రాయితీ భారం ఎవరు మోయాలన్న తగాదా వెంటనే మొదలైంది. నియంత్రణ కమిషన్ సర్‌చార్జీ వేయాల్సి వచ్చింది. ఒకే ప్రాంతంలో పలు కంపెనీలను అనుమతించే సవరణ బిల్లు 2022 ఆగస్టులో లోక్‌సభకు వచ్చి, 2024లో ఆ సభతోపాటే మురిగిపోయింది. 2025 అక్టోబరులో కేంద్రం మరో ముసాయిదా బయటపెట్టింది.

ఈ చర్చలో డిస్కంల నష్టాలు, సబ్సిడీ, పోటీ అన్నీ వస్తాయి. ఇంటి పట్టున జరిగే లెక్కల పని మాత్రం రాదు. వంటకీ బట్టలుతుక్కోవడానికీ వెచ్చించే గంటల్ని లెక్కలోకి తేవడానికి స్త్రీవాదులు దశాబ్దాలు పోరాడాల్సి వచ్చింది. ఇప్పుడు మార్కెట్ సజావుగా నడవడం కోసం మరో జీతంలేని పని మన మీద పెట్టబోతున్నారు. అది చెయ్యలేని స్త్రీ ఎక్కువ ధర కట్టాలి, పైగా ఎంచుకోలేకపోవడం నీ తప్పేనన్న మాటా పడాలి. కంపెనీలు ఒకటి కావాలా పది కావాలా అన్న వాదనకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఏ లెక్కలూ కట్టకపోయినా, ఏ ఫారమూ నింపకపోయినా, ఒక ఇంట్లో దీపం వెలగడానికీ అన్నం ఉడకడానికీ కావలసినంత కరెంటు న్యాయమైన ధరకు అందుతుందా లేదా?